అందరికీ సెలవు

జూన్ 3

అత్తయ్యకు,

నీ లాండ్రీలో బట్టలుతికే పెద్ద మెషీను నీళ్ళు కారడం మానిందా? ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నేను "ఊఁ", "ఆఁ" తప్ప ఏమీ అననని నువ్వే నాన్నతో చెప్పావట. అందుకే ఈ ఉత్తరం.

మా సంచుల ఫ్యాక్టరీలో మానవ వనరుల అధికారిగా ఉన్న పెద్దాయన పోయిన నెలలో రిటైరయ్యారు. ఆయన అటు వెళ్ళారో లేదో, ఇటు కొత్త కార్మిక చట్టం వచ్చింది. ఆయన కంఠతా పట్టిన సెక్షన్లలో ఒక్కటీ ఇప్పుడు లేదు. వెళ్తూ వెళ్తూ ఆ లావుపాటి పుస్తకాలన్నీ నాకిచ్చి, "అమ్మాయీ, ఇవి ఇక చదవడానికి పనికిరావు. కుర్చీ ఎత్తు చాలకపోతే వేసుకో" అన్నారు. వేసుకున్నాను. ఇప్పుడు బల్ల సరిగ్గా అందుతోంది.

మా విభాగమంటే ప్రస్తుతం నేనూ, ఒక ఇనప బీరువా. పేరుకు నేను సహాయకురాలిని, అదీ ఇంకా పరీక్షా కాలంలో ఉన్నదాన్ని. చేస్తున్నది మాత్రం పెద్దాయన పనే.

కొత్త చట్టం ఏమంటుందంటే, రోజుకూలీకి వచ్చేవాళ్ళతో సహా పనిచేసే ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలి. అందులో ఉన్నది వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పి సంతకం తీసుకోవాలి. ఇదివరకు పర్మినెంటు వాళ్ళకే ఉన్న జీతంతో కూడిన సెలవులు ఇకమీదట అందరికీ ఉంటాయి. నెలాఖరులోగా ఇదంతా అయిపోవాలి. నావల్ల కాకపోతే, కాగితాల పని చేసిపెట్టే ఏజెన్సీ ఒకటుందట, దాన్ని పిలుస్తానని మేనేజరుగారు అన్నారు. వాళ్ళు వస్తే నాకు కుర్చీయే ఉండదు, ఎన్ని పుస్తకాలు వేసుకున్నా.

"హాల్లో అందరినీ నిలబెట్టి మైకులో ఒకసారి చెప్పేయమ్మా, అరగంట పని" అన్నారాయన.

నేనూ, మైకూ! కాన్వెంటులో పద్యం అప్పజెప్పమంటే జ్వరం తెచ్చుకున్నదాన్నని నీకు తెలుసు. కానీ ఈ ఉద్యోగం నాకిష్టం అత్తయ్యా. చట్టం చదవడం ఇష్టం. అందులో ప్రతి మాటకూ మొదటి పేజీలోనే అర్థం చెప్పేస్తారు. కార్మికుడు అనగా ఎవరు, వేతనం అనగా ఏమిటి అని. మనుషులు కూడా అలా మాట్లాడుకుంటే ఎంత హాయి.

ఏం చేయమంటావు?

నీ మేనకోడలు

---

జూన్ 8

నోట్లో నాలుక లేని మా పిల్లకు,

మెషీను కారడం మానలేదు. మెకానిక్ వచ్చి చూసి "వాషర్ పోయిందండీ" అన్నాడు. పోయిన సంగతి నాకూ తెలుసు, మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పు నాయనా అన్నాను. రేపన్నాడు. అది పోయిన వారం మాట.

నువ్వేం ఉద్యోగం చేస్తున్నావని పక్కషాపు ఆవిడ అడిగింది. మానవ వనరులు అన్నాను. "అంటే కిడ్నీలూ అవీనా" అని బెదిరిపోయింది. కాదమ్మా, మనుషుల్ని పనిలో పెట్టుకోవడం, తీసెయ్యడం అన్నాను. "అది నువ్వు రోజూ చేస్తూనే ఉన్నావుగా, దానికి చదువెందుకు" అంది.

ఇక నీ సంగతి. మైకు జోలికి పోకు. నీ గొంతు మైకులో పెట్టినా పిల్లి నడిచినట్టే ఉంటుంది. నోరు లేకపోతేనేం, రాతలో నువ్వు పులివి. బోర్డు మీద రాసి పెట్టు. అయితే ఒక మాట. చట్టం, నియామకం, నిబంధన అంటూ గుండ్రాళ్ళలాంటి మాటలతో మొదలెట్టకు. పనిచేసేవాళ్ళకు చెవిలో తేనె పోసినట్టుండే మాట ఒక్కటే, సెలవు. అది ముందు రాయి. పెద్ద అక్షరాలతో, ఒకే ఒక్క ముక్క. అది చూసి వాళ్ళే పరిగెత్తుకుంటూ నీ గదికొస్తారు. అప్పుడు కాగితం చేతిలో పెట్టి సంతకం పెట్టించుకో. ఇన్నేళ్ళుగా లాండ్రీ నడుపుతున్నదాన్ని, ఆమాత్రం తెలీదా నాకు.

అవునూ, ఈ చట్టం నాక్కూడా వర్తిస్తుందా? నా దగ్గర ఉన్నవాళ్ళంతా ఇంట్లో మనుషుల్లాంటివాళ్ళు. ఇస్త్రీ ఆమె ఇన్నేళ్ళలో నన్నొక్క కాగితం అడిగింది లేదు. పైగా రెండు పూటలా నాకు టీ పెట్టి ఇస్తుంది. అలాంటి మనిషికి నియామక పత్రం ఇవ్వడమంటే, నేనూ మీ నాన్నా అన్నాచెల్లెళ్ళమని స్టాంపు కాగితం మీద రాసుకున్నట్టుంటుంది. వర్తించదని ఒక్క ముక్క రాయి, కంటినిండా నిద్రపోతాను.

తినేటప్పుడు పుస్తకం మూసెయ్. ఏం తిన్నావని అడిగితే పేజీ నంబరు చెప్తావు.

మీ అత్త

---

జూన్ 14

అత్తయ్యకు,

ముందు నీ ప్రశ్నకు జవాబు. వర్తిస్తుంది. ఇంట్లో మనిషికి జీతం ఇవ్వం. జీతం ఇస్తున్నామంటే పనిలో ఉన్న మనిషే. ఈ మాట చట్టంలో లేదు, నాది.

ఇక నీ సలహా పాటించాను. మొన్న అందరూ ఇళ్ళకు వెళ్ళాక, గడియారం కింది బోర్డు మీద నల్ల స్కెచ్ పెన్నుతో గుండ్రంగా రాసి పెట్టాను.

"వచ్చే ఒకటో తేదీ నుంచి అందరికీ సెలవు. వివరాలకు మానవ వనరుల గదిలో కలవండి."

మర్నాడు కాస్త ముందే వెళ్ళి, కాగితాలన్నీ సర్దుకుని కూర్చున్నాను. పరిగెత్తుకుంటూ వస్తారని.

ఎవరూ రాలేదు. కాసేపటికి కటింగ్ మాస్టరు వచ్చి తన పెద్ద కత్తెర నా బల్ల మీద పెట్టాడు. "ఇది కంపెనీదమ్మా, తిరిగి ఇచ్చినట్టు రాసుకో" అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. రాసుకున్నాను. ఆ వెనకే జిప్పులక్క వచ్చింది. జిప్పులు కుట్టే వరుసలో పెద్దది, అందరూ అలాగే పిలుస్తారు. నా రెండు చేతులూ పట్టుకుని, "పోనీలే తల్లీ, చిన్నపిల్లవి, నువ్వేం చేస్తావు. నిన్నయినా ఉంచుతారా, నీక్కూడా సెలవేనా" అంది.

అప్పుడు చెవికి తెలిసింది, కుట్టు హాల్లో ఒక్క మెషీనూ తిరగడం లేదని. వెళ్ళి చూస్తే అందరూ గ్లాసులు, చెప్పులు, కుర్చీల మీది దిండ్లు మూటలు కట్టుకుంటున్నారు. "ఇన్నేళ్ళు చాకిరీ చేయించుకుని, గోడ మీద ఒక్క ముక్క రాసి సెలవు అంటారా. నోటితో చెప్పడానికి కూడా మొహం చెల్లలేదా" అని ఎవరో ఏడుస్తున్నారు.

నేను సెలవులు ఇస్తున్నాం అని రాశాను. వాళ్ళు ఇక వెళ్ళి రండి అని చదివారు.

నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు. బోర్డు దగ్గరికి పరిగెత్తి, ఆ కాగితం పీకేసి కొత్తది అంటించాను. తొందరలో పొడుగ్గా రాయలేకపోయాను.

"కంగారు పడవద్దు. ఎవరికీ సెలవు లేదు."

మెషీన్లు మళ్ళీ తిరిగాయి. హమ్మయ్య అనుకున్నాను. మధ్యాహ్నానికల్లా మళ్ళీ ఆగాయి. కొత్త చట్టం వచ్చి, ఉన్న ఒక్క ఆదివారం కూడా ఊడ్చుకుపోయిందని ఈసారి అనుకున్నారు. పైగా కంగారు పడొద్దట అని ఒకరికొకరు చెప్పుకున్నారు.

మేనేజరుగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. "ఒక్క పూటలో అందరినీ పంపించేశావు, మళ్ళీ పిలిచావు, ఆదివారం లాగేసుకున్నావు. ఇంత పని నా సర్వీసులో నేను చెయ్యలేదు" అన్నారు. కోపంగా అనలేదు, అందుకే భయమేసింది. చివరికి ఆయనే మైకు తీసుకుని, ఎవరి పనీ ఎక్కడికీ పోలేదని, ఆదివారం ఎప్పటిలాగే ఉంటుందని చెప్పారు.

ఇప్పుడు నియామక పత్రం పట్టుకుని వెళ్తే ఎవరూ ముట్టుకోవడం లేదు. సంతకం పెడితే ఈసారి ఏం పోతుందోనని. ఇరవై ఐదున ఏజెన్సీవాళ్ళు చూడటానికి వస్తున్నారు. ఆ తర్వాత నాకు సెలవే.

నీ మేనకోడలు

---

జూన్ 18

సెలవు సంపాదించిన మా బంగారానికి,

ఉత్తరం చివరి నుంచి చదవడం నా అలవాటు, నీకు తెలుసుగా. "నాకు సెలవే" అని చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకు ఆ మేనేజరు మహానుభావుడి మనసు కరిగింది. బోర్డు గొడవ తర్వాత చదివాను. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. తప్పు నా మీదికి తోసెయ్యకు. ఒక్క ముక్క రాయమన్నాను గాని మనుషులు మూటలు కట్టుకునే ముక్క రాయమన్నానా?

పై గది ఖాళీ చేయించాను. అక్కడ పేర్చిన హోటలు దుప్పట్లన్నీ కిందికి దించాం. బల్ల కిటికీ పక్కకు జరిపించాను, చదువుకోవడానికి వెలుతురు బాగుంటుంది. ఎన్ని రోజులు సెలవిచ్చారో రాయలేదేం? వారమైనా ఉండకపోతే ఊరుకోను. రైలో బస్సో రాస్తే స్టేషనుకు బట్టల వ్యాను పంపిస్తాను. దిండ్ల మీద పడుకుని రావచ్చు.

ఇక నీ చట్టం నాకు చేసిన ఉపకారం విను. వర్తిస్తుందన్నావు కదా, పోనీలే అని అందరికీ కాగితాలు రాయించి ఇచ్చాను. ఇస్త్రీ ఆమె పెట్టె వేడెక్కేలోగా నిలబడి మొత్తం చదువుకుంది. మడిచి దాచుకుంది. మర్నాడు పొద్దున టీ లేదు.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా" అన్నాను.

"బాగానే ఉందండీ. కాగితంలో 'పని: ఇస్త్రీ' అని రాశారు. టీ అని లేదు."

"ఇన్నేళ్ళూ పెట్టావుగా."

"ఇన్నేళ్ళూ కాగితం లేదుగా."

నవ్వుతూనే అంది. అదే మండింది నాకు. ఇప్పుడు నేనే పెట్టుకుంటున్నాను. ఆమెకూ ఒక గ్లాసు పోస్తున్నాను, ఎందుకంటే నా పనేమిటో నాకెవరూ కాగితం మీద రాసివ్వలేదు. రుచి బాలేదట. పంచదార తక్కువైందట.

తొందరగా రా. వచ్చి నువ్వు పెడుదువుగాని.

మీ అత్త

---

జూన్ 22

అత్తయ్యకు,

గది ఖాళీ చేయించావని చదివి బల్ల మీద తల ఆన్చి కూర్చుండిపోయాను. నేను రాలేను. నాకు దొరికింది ఆ సెలవు కాదు. ఏజెన్సీ వస్తే నా ఉద్యోగం పోతుందని చెప్పాను. నువ్వు దుప్పట్లు దించావు.

తర్వాత నవ్వొచ్చింది. నేను పుట్టినప్పటి నుంచి నువ్వు నన్ను ఎరుగుదువు. నువ్వే ఆ మాటను తిరగేసి చదివితే, గోడ మీద చూసినవాళ్ళనేం అనగలను? నిఘంటువు తీశాను. బడికి వెళ్ళకపోతే సెలవు. చుట్టం చెప్పుల్లో కాళ్ళు పెడుతూ "ఇక సెలవు" అంటే వెళ్ళిపోతున్నట్టు. పెద్దవాళ్ళు ఏదైనా సెలవిచ్చారంటే నోరు విప్పి మాట్లాడినట్టు. అంటే నేను చేయలేకపోతున్న పని కూడా అదే మాటలో ఉంది. అన్నీ ఒకే చోట, తగాదా లేకుండా సర్దుకుని ఉన్నాయి.

అన్న మనిషి మొహం చూస్తే ఏ సెలవో వెంటనే తెలిసిపోతుంది. బోర్డుకు మొహం లేదు. అందుకని నా మొహమే తీసుకుని వెళ్ళాను.

మైకు పట్టుకోలేదు. నేను ఒక్కరితో అయితే మాట్లాడగలను. ఇద్దరయితే కష్టం. కుట్టు హాల్లో మెషీన్ల రొదకు పక్కవాళ్ళ మాట పక్కవాళ్ళకు వినపడదు. నాకు అంతకన్నా మంచి చోటు లేదని ఇన్నాళ్ళూ తెలీలేదు. చిన్న స్టూలు ఒకటి తెచ్చుకుని, ఒక్కొక్కరి పక్కనే కూర్చుని, వాళ్ళు కుడుతుంటే చెవి దగ్గర చదువుతున్నాను.

మొదట జిప్పులక్క. "పరీక్షా కాలం ఆరు నెలలు" అని చదివాను.

"పరీక్షేమిటి? ఈ వయసులో నేను రాయలేను తల్లీ."

"రాసేది కాదు. పనితనం ఎలా ఉందో చూస్తారు."

"ఇన్నేళ్ళుగా చూడకుండా ఏం చేశారు?"

నిజమే. పాతవాళ్ళకు ఆ లైను ఉండకూడదు. కొట్టేశాను. "వేతన సహిత సెలవు" దగ్గర మళ్ళీ ఆపింది.

"సహిత అంటే?"

"ఇంట్లో పడుకున్నా జీతం వస్తుందని."

"మరి అలా ఏడవచ్చుగా ఆ కాగితం."

సెలవు అన్న మాటే తీసేసి, "పనికి రాకపోయినా జీతం కోయని రోజులు" అని రాశాను. మేనేజరుగారు చదివి, "చదువుతుంటేనే నా జేబు కోసినట్టుంది. కానీ అర్థమవుతోంది" అని అన్ని కాగితాల్లోనూ అలాగే వేయించారు.

జిప్పులక్క సంతకం పెట్టి, పక్క వరుస వైపు తిరిగి అరిచింది. "పెట్టొచ్చే, ఏమీ పోదు. చెవిలో కాస్త చక్కిలిగింత పెడుతుంది, అంతే."

కటింగ్ మాస్టరు ఒక్కడే మొండికేశాడు. కత్తెర తిరిగి ఇచ్చినట్టు నేను రాసుకున్నాను కాబట్టి తన లెక్కలో తను పనిలో లేడట. లేని మనిషి సంతకం ఎలా పెడతాడని అడుగుతున్నాడు. సెక్షను వెతుకుతున్నాను.

సగం మంది అయ్యారు. ఏజెన్సీవాళ్ళు వచ్చే వేళయింది. ఇస్త్రీ ఆమె అన్నది సబబే అత్తయ్యా, ఏ పని చేయాలో అదే కాగితంలో ఉండాలి. దుప్పట్లు పైకి ఎక్కించెయ్.

నీ మేనకోడలు

---

జూన్ 26

మా పిచ్చిపిల్లకు,

దుప్పట్లు ఎక్కించను. దించేటప్పుడే మోకాళ్ళు పట్టేశాయి. గది అలాగే ఉంటుంది, నీ ఇష్టం వచ్చినప్పుడు నీకు ఇష్టమైన రకం సెలవు మీద రా.

ఆ ఏజెన్సీవాడు ఏమన్నాడో రాయలేదు. నాకిక్కడ గుబులుగా ఉంది. ఒక్క మాట అడుగుతాను, ముడుచుకుపోకు. అందరి హక్కులూ వాళ్ళ చెవుల్లో ఊదుతున్నావు. పెద్దాయన పని చేస్తున్నావు. పెద్దాయన హోదా ఎప్పుడిస్తారని ఆ మేనేజర్ని అడిగావా? అడిగుండవు. చిన్నప్పుడు ఎవరింటికి వెళ్ళినా దాహంతో గొంతెండిపోయినా మంచినీళ్ళు అడిగేదానివి కాదు. వాళ్ళకు గుర్తొస్తే తాగేదానివి, లేకపోతే ఇంటికొచ్చి చెంబెడు తాగేదానివి.

మెషీను బాగైంది. ఇప్పుడు నీళ్ళు పోవడం లేదు, లోపలికి రావడమూ లేదు.

మీ అత్త

---

జూన్ 30

అత్తయ్యకు,

ఏజెన్సీ మనిషి వచ్చాడు. బూట్లు తళతళలాడుతున్నాయి. హాలు చూస్తానన్నాడు. నేను స్టూలు మీద, భుజం పట్టీలు కుట్టే కొత్త అమ్మాయి చెవి దగ్గర ఉన్నాను. "మేమైతే అందరి ఫోన్లకూ ఒకేసారి పంపించేస్తాం సార్. ఒక్క నొక్కు. చదివినట్టే లెక్క" అన్నాడు మేనేజరుగారితో.

జిప్పులక్క మెషీను ఆపకుండానే, "బాబూ, మాకు గోడ మీద కూడా ఒక్క ముక్కే అంటించారు. ఆ రోజు ఎన్ని సంచులు కుట్టామో మీ సారునడుగు" అంది. మేనేజరుగారు దగ్గారు. అతనికి టీ ఇచ్చి, కబురు చేస్తానని పంపించేశారు. చేస్తారో లేదో నాకు చెప్పలేదు.

ఈ పొద్దున ఆఖరి సంతకం కటింగ్ మాస్టరుది. సెక్షను దొరకలేదు. కత్తెర రెండు చేతులా పట్టుకెళ్ళి, "మీరు లేకపోతే ఇది ఎవరి మాటా వినదు" అన్నాను. అది చాలింది.

కాగితాల కట్ట మేనేజరుగారి ముందు పెట్టాను. ఆయన తిరగేసి, "ఒకటి తక్కువుంది" అన్నారు. మళ్ళీ లెక్కపెట్టబోయాను.

"నీది" అన్నారు.

చట్టం నాకూ వర్తిస్తుందని నాకు తట్టనేలేదు అత్తయ్యా. ఆయన సొరుగులోంచి ఒక పత్రం తీశారు. "ఏజెన్సీ వద్దులే. నువ్వే ఉండు. ఇక్కడ పెట్టెయ్ సంతకం, లేబరు ఆఫీసుకు పంపాలి." నేను పెన్ను మూత తీశాను కూడా.

దారం అడగడానికి వచ్చిన జిప్పులక్క గుమ్మంలో నిలబడి ఉంది. "అదేం కుదరదు సారూ. మా అందరికీ చదివింది. ఆమెకూ ఎవరో ఒకరు చదవాలి" అని నా చెయ్యి పట్టుకుని హాల్లోకి లాక్కుపోయింది. తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, స్టూలు మీద తను కూర్చుంది. మేనేజరుగారు నవ్వుతూ వెనకే వచ్చారు.

అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. చెవి దగ్గర కాదు. ఆమెకు గొంతు తగ్గించి మాట్లాడటం రాదు. పని గంటలు, జీతం, జీతం కోయని రోజులు. చివర, "హోదా, సహాయకురాలు. పరీక్షా కాలం, మరో ఆరు నెలలు." పెన్ను నా వైపు పెట్టి, "సరేనా?" అంది. నేను అందరినీ అడిగినట్టే.

అందరినీ అలాగే అడిగాను. ఒక్కరు కూడా వెంటనే సరే అనలేదు. నిన్న మొన్న చేరిన పట్టీల అమ్మాయి కూడా ఏదో ఒకటి అడిగింది.

"కాదు" అన్నాను.

"వినపడలేదు" అంది జిప్పులక్క.

"సరే కాదు. నేను చేస్తున్నది అధికారి పని. పెద్దాయన వెళ్ళినప్పటి నుంచీ చేస్తున్నాను. చేసే పనే కాగితంలో ఉండాలి సార్. ఇంతమందికి చదివి వినిపించాను, నాకు మాత్రం వేరేగా ఎలా ఉంటుంది? పరీక్ష కూడా ఈ నెలతో అయిపోయిందనే అనుకుంటున్నాను."

అన్నాక తెలిసింది, మెషీన్లన్నీ ఎప్పుడో ఆగిపోయాయని. రొద లేదు. నేనన్న ప్రతి మాటా హాలు చివర కత్తెర పట్టుకున్న మాస్టరు దాకా వెళ్ళింది. వెనక్కి తీసుకోవడానికి దారి లేదు. తీసుకోవాలని అనిపించలేదు కూడా.

మేనేజరుగారు నన్ను చూశారు. ఆగిన మెషీన్లను చూశారు. "పెన్ను ఇటివ్వు" అన్నారు. నిలబడే రెండు లైన్లు కొట్టేసి, పైన రాసి, పక్కన సంతకం చేశారు. "ఇంత గొంతు పెట్టుకుని నాచేత మైకు పట్టించావు" అన్నారు.

నేను ఒకసారి మొత్తం చదువుకుని సంతకం పెట్టాను.

నా గదికి వచ్చేసరికి జిప్పులక్క మళ్ళీ గుమ్మంలో ఉంది. ఈసారి దారం కోసం కాదు. రేపు పనికి రాదట. ఒంట్లో బాగాలేదా అని అడిగాను. "బ్రహ్మాండంగా ఉంది. ఊరికే పడుకుంటాను. కోస్తారో లేదో చూద్దామని" అంది.

కొత్త చట్టం కింద మొదటి దరఖాస్తు. మంజూరు చేశాను. సంతకం కింద హోదా రాయాలి కదా, రాశాను.

నీ మేనకోడలు,
మానవ వనరుల అధికారి